పొడిచే ఎద్దు ఎవరిది?

బైబిలులోని నిర్గమకాండం 21వ అధ్యాయం చివర్లో ఒక గొయ్యి ఉంది. ఎవరో కొత్తగా తవ్వారు, లేదా పాత గోతి మీది కప్పు తీశారు. మళ్ళీ మూయలేదు. పక్కింటివాళ్ళ ఎద్దో గాడిదో వచ్చి అందులో పడి చచ్చింది. తీర్పు రెండు ముక్కలు: గొయ్యి ఎవరిదో వాళ్ళు పశువు ఖరీదు కట్టాలి, చచ్చిన పశువును వాళ్ళే ఉంచుకోవాలి. 33, 34 వచనాలతో ఆ వ్యవహారం ముగిసిపోతుంది. ఎవరి భక్తి గురించీ, ఎవరి ఉద్దేశం గురించీ అందులో ఒక్క మాట లేదు.

ఇలాంటి వచనాల నుంచి ‘వ్యక్తిగత పాఠం’ తీయమంటే మనలో చాలామంది చేసే పని ఒకటుంది. గొయ్యిని పాపంగా, ఎద్దును ఆత్మగా, కప్పును కృపగా మార్చేస్తాం. వినడానికి బాగుంటుంది. కానీ అలా మార్చిన క్షణంలో డబ్బు కట్టవలసిన మనిషి కథలోంచి మాయమైపోతాడు. చట్టం ఎవరి భుజం మీద చెయ్యి వేసిందో ఆ మనిషే లేకపోతే ఇక పాఠం ఎవరికి? ఈ వ్యాసంలో నేను వాదించేది ఒక్కటే: పాత నిబంధన చట్టం చదివేటప్పుడు మనం నిలబడవలసిన చోటు గోతిలో పడ్డ పశువు పక్కన కాదు, గొయ్యి తవ్విన మనిషి పక్కన. మెత్తని ఓదార్పు కావలసినప్పుడు కీర్తనలు ఉన్నాయి. ఈ అధ్యాయాలు ఇల్లూ పొలమూ పశువులూ ఉన్నవాళ్ళతో మాట్లాడతాయి.

ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని జనవరి 1న మొదలుపెట్టినవాళ్ళు రోజుకు మూడు అధ్యాయాల లెక్కన జనవరి 24కి ఈ గోతి దగ్గరికి వస్తారు. ఆదికాండం 50 అధ్యాయాలు, నిర్గమకాండం 40. జనవరి 31కి లేవీయకాండం మొదలవుతుంది. పట్టుదల సడలేది సరిగ్గా అక్కడే. కథ ఆగిపోయి, ‘ఒకడు ఇలా చేసినయెడల’ అనే వాక్యాలు మొదలవుతాయి. విసుగు పుట్టడం సహజం. ఎందుకంటే వీటిని కథ చదివే వేగంతో చదవకూడదు. పొలం దస్తావేజు చదివినట్టు చదవాలి, హద్దులు చూసుకుంటూ.

జర్మన్ పండితుడు ఆల్బ్రెక్ట్ ఆల్ట్ 1934లో ఈ చట్టాలను రెండు రకాలుగా విడదీశాడు. ‘నరహత్య చేయకూడదు’ వంటివి నేరుగా ఇచ్చిన ఆజ్ఞలు. ‘ఇలా జరిగితే, ఇలా చెయ్యాలి’ అనేవి తగవు తీర్పులు. పాఠాలు తీయడానికి రెండో రకమే కష్టం, రెండో రకమే లాభం. తగవు తీర్పు చదివేటప్పుడు చూడవలసింది తేడాను. పక్కపక్కనే ఉన్న రెండు సందర్భాల్లో తీర్పు మారింది కదా, ఏది మారినందువల్ల మారింది? ఆ మారిన అంశంలోనే పాఠం ఉంటుంది.

పొడిచే ఎద్దు సంగతి చూడండి (21:28-32, 35-36). ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును రాళ్ళతో కొట్టి చంపాలి, దాని మాంసం తినకూడదు, యజమాని నిర్దోషి. అదే ఎద్దు అంతకు ముందు నుంచే పొడిచేదై ఉండి, ఆ సంగతి యజమానికి ఎవరైనా చెప్పి ఉండి, అతను దాన్ని కట్టడి చేయకపోతే ఎద్దుతో పాటు యజమాని కూడా చావుకు అర్హుడు. ప్రాణానికి బదులుగా విమోచన ధనం అడిగితే ఎంత అడిగితే అంత ఇచ్చుకోవాలి. రెండు చోట్లా ఎద్దు అదే, చావు అదే. మారినవి మూడే: అలవాటు, హెచ్చరిక, కట్టేయకపోవడం. ‘ముందు నుంచే’ అన్న చోట హీబ్రూ మూలంలో ఉన్న మాటకు అర్థం ‘నిన్నా మొన్నా’ అని. అచ్చం మనం వాడే మాటే.

ఈ చట్టం ఇశ్రాయేలీయులకు ఒక్కరికే సొంతం కాదు. 1901-02లో ఇరాన్‌లోని సూసా దగ్గర దొరికి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న, బాబిలోను రాజు హమ్మురాబి చట్టాల శిలలోనూ పొడిచే ఎద్దు ఉంది. దాని కొమ్ములకు గుడ్డ చుట్టకుండా, కట్టేయకుండా వదిలిన యజమాని, అది మనిషిని చంపితే, అర మినా (ఆనాటి ఒక తూకం) వెండి కట్టాలి. అంతకన్నా పాతదైన ఎష్నున్నా అనే నగరపు చట్టంలో ఒక ఎద్దు మరో ఎద్దును చంపితే బతికిన ఎద్దు ఖరీదునూ చచ్చినదాని కళేబరాన్నీ ఇద్దరూ పంచుకోవాలని ఉంది. నిర్గమకాండం 21:35 చెప్పేదీ దాదాపు అదే. ఇది తెలిస్తే కొందరి విశ్వాసానికి ఇబ్బందిగా ఉంటుంది. ఉండనక్కర్లేదు. తేడా ఎక్కడుందో చూడటానికే ఈ పోలిక ఉపయోగం. బాబిలోనులో మనిషి పోతే వెండితో లెక్క తేలిపోతుంది. ఇక్కడ ఎద్దు మాంసం కూడా ఎవరూ ముట్టకూడదు. మనిషి చావులోంచి యజమానికి ఒక్క పూట కూర కూడా మిగలకూడదన్నమాట.

ఇప్పుడు దీన్ని ఇంటికి తెచ్చుకుందాం. మన వాకిట్లో ఎద్దు లేకపోవచ్చు. వీధిలో వచ్చేపోయేవాళ్ళ మీదికి ఉరికే కుక్క ఉందేమో. బ్రేకు సరిగా పట్టడం లేదని మెకానిక్ చెప్పిన బండి ఉందేమో. ఐదేళ్ళకోసారి మార్చవలసిన గ్యాస్ రబ్బరు ట్యూబు ఏడేళ్ళుగా అదే ఉండి, అద్దెకున్నవాళ్ళు రెండుసార్లు గుర్తు చేశారేమో. మూడు ప్రశ్నలూ వరసగా వేసుకోవాలి: ఇది ముందు నుంచే ఇలా ఉందా? నాకెవరైనా చెప్పారా? చెప్పాక నేనేం చేశాను? రెండో ప్రశ్నకు జవాబు ‘అవును’ అయిన క్షణం నుంచి అది ప్రమాదం అనే మాట కిందికి రాదు. ఆ తర్వాత కావాలంటే తన కోపాన్ని కూడా పొడిచే ఎద్దుగా చూసుకోవచ్చు, ఇంట్లో పిల్లలు ఇప్పటికే చెప్పి ఉంటారు కాబట్టి. కానీ క్రమం ముఖ్యం. ముందు కుక్కను కట్టేయాలి, కోపం గురించిన ధ్యానం ఆ తర్వాత.

మళ్ళీ గోతి దగ్గరికి. ద్వితీయోపదేశకాండం 22:8 కూడా దీనికి తోడబుట్టినదే. కొత్త ఇల్లు కట్టినప్పుడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి రాకుండా. ఆ ఇళ్ళకు పైకప్పు చదునుగా ఉండేది. దాని మీద పడుకునేవాళ్ళు, నార ఎండబెట్టేవాళ్ళు. యెరికోలో రాహాబు వేగులవాళ్ళను దాచింది అలాంటి కప్పు మీదే, జనపకట్టెల మధ్య. యూదు పండితులు ఆ గోడకు కొలత కూడా పెట్టారు: పది బెత్తెలు, అంటే మీటరుకు కొంచెం తక్కువ. గోతికీ అదే కొలత. పది బెత్తెల లోతుంటే చావుకు చాలు అన్నారు. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ ఈ ఆజ్ఞను పిట్టగోడ దగ్గర ఆపలేదు. బావికి ఒరగానీ మూతగానీ పెట్టడం దగ్గర్నుంచి ప్రాణానికి ముప్పయిన ప్రతిదాన్నీ తొలగించడం దాకా చాచాడు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ వచనం చదివి బోరుబావి గుర్తు రాకపోతే చదవనట్టే. నీళ్ళు పడని బోరులోంచి కేసింగ్ పైపు పీకేసి వేరే చోట వాడుకుంటారు, ఖర్చు కలిసొస్తుందని. నేల మీద మిగిలేది పసిపిల్ల జారిపోయేంత రంధ్రం. కప్పేది ఒక గోనెసంచి, మహా అయితే ఒక బండరాయి. వానకు గోనె కుళ్ళిపోతుంది, గడ్డి మొలిచి రంధ్రం కనబడదు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. తవ్వడానికి 15 రోజుల ముందు అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తవ్వేటప్పుడు చుట్టూ ముళ్ళకంచె వెయ్యాలి. కేసింగ్ చుట్టూ నేలకు 30 సెంటీమీటర్లు పైకి, 30 సెంటీమీటర్లు కిందికి ఉండేలా సిమెంటు దిమ్మె కట్టాలి. మూతగా ఇనుప రేకు వెల్డింగ్ చెయ్యాలి, లేదా బోల్టులతో బిగించాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్ళతో పూడ్చాలి. నిర్గమకాండం 21:33 మీద ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు. సొంత పొలంలో ఎండిన బోరు ఉన్న విశ్వాసికి ఆ వచనం నేర్పేది ఒక ట్రాక్టరు మట్టి తోలించమని. ఆ పని అయ్యేదాకా గొయ్యి దేనికి సూచన అని అడగడానికి అతనికి హక్కు లేదనే నేను అనుకుంటాను.

నిర్గమకాండం 22వ అధ్యాయం 7 నుంచి 15 వచనాల్లో ఇతరుల వస్తువు మన చేతిలో ఉన్నప్పటి సంగతులున్నాయి. వీటి మీద ప్రసంగం దాదాపు వినపడదు. యూదు పండితుల పాత చట్ట సంకలనమైన మిష్నా వీటిని నాలుగు వరసలుగా సర్దింది: ఊరికే కాపాడిపెట్టేవాడు, జీతానికి కాపాడేవాడు, బాడుగకు తెచ్చుకున్నవాడు, ఎరువు (అంటే బాడుగ లేకుండా వాడుకోవడానికి అడిగి) తెచ్చుకున్నవాడు. ఊరికే కాపాడినవాడు, వస్తువు పోతే తన తప్పు లేదని ప్రమాణం చేసి బయటపడవచ్చు. జీతం తీసుకున్నవాడూ బాడుగకు తెచ్చినవాడూ దొంగతనం జరిగితే కట్టాలి గానీ, దానంతట అది చచ్చినా దెబ్బతిన్నా కట్టనక్కర్లేదు. ఎరువు తెచ్చుకున్నవాడు మాత్రం, యజమాని పక్కన లేనప్పుడు ఏం జరిగినా కట్టాల్సిందే. కారణం తేలిక. లాభమంతా అతనిదే కాబట్టి నష్టమంతా అతనిదే. ‘ఎరువు సొమ్ములు బరువు చేటు’ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. స్నేహితుడి కారు పెళ్ళికి అడిగి తెచ్చుకున్నాం, దారిలో క్లచ్ పోయింది, ‘ఎప్పటినుంచో అరిగి ఉంది, నా చేతిలో పోయింది అంతే’ అంటాం. ఈ చట్టం ముందు ఆ మాట నిలవదు. అదే కారును రోజు బాడుగకు తెచ్చుకుని ఉంటే నిలిచేది. ఇంతటి సూక్ష్మం మన స్నేహాల్లో పాటిస్తే ఎన్ని పలకరింపులు తెగిపోకుండా ఉండేవో.

ఈ అధ్యాయాల్లో పదేపదే వచ్చే మాటకు మన పాత తెలుగు బైబిలు ‘అచ్చుకొనవలెను’ అని వాడింది. నష్టాన్ని తన చేతి డబ్బుతో పూడ్చడం అని. ఇప్పుడు వాడుకలో అరుదైపోయింది. మాటతో పాటు పని కూడా అరుదైందేమో. ‘సారీ’ వచ్చి దాని చోట కూర్చుంది.

అసలైన పాఠం నా దృష్టిలో లేవీయకాండం 6:1-7లో ఉంది. ఒకడు తన దగ్గర దాచిపెట్టిన సొమ్మును లేదన్నాడు, లేదా దోచుకున్నాడు, లేదా దొరికిన వస్తువును దొరకలేదని అబద్ధ ప్రమాణం చేశాడు. తర్వాత తన అపరాధం గుర్తించాడు. ఏం చెయ్యాలి? సొమ్ము మొత్తం తిరిగివ్వాలి. దానికి అయిదవ వంతు కలపాలి. అపరాధ పరిహారార్థబలి అర్పించే రోజునే సొమ్ము యజమాని చేతికి చేరాలి. పొట్టేలును యాజకుడి దగ్గరికి తెచ్చే మాట దీని తర్వాతే వస్తుంది. సంఖ్యాకాండం 5:7 ఇంకో మెట్టు చేర్చింది: చేసిన పాపాన్ని నోటితో ఒప్పుకోవాలి. అంటే ఒప్పుకోలు, అసలు, అయిదవ వంతు, ఆ తర్వాత బలిపీఠం.

లెక్క చూద్దాం. పదివేలు ఎగ్గొట్టినవాడు పన్నెండు వేలు ఇవ్వాలి. యూదు పండితులు ఇంకా గట్టిగా లెక్కించారు. కలిపిన ముక్క మొత్తం చెల్లింపులో అయిదో వంతు కావాలన్నారు కాబట్టి అసలులో నాలుగో వంతు కలపాలి, అంటే పన్నెండున్నర వేలు. దీన్ని దొంగ దొరికిపోయినప్పటి లెక్కలతో పక్కపక్కన పెట్టండి. దొంగిలించిన పశువు ప్రాణంతో దొరికితే రెండింతలు. గొర్రెను కోసేసినా అమ్మేసినా నాలుగింతలు, ఎద్దుకైతే ఐదింతలు. ఎద్దుకు ఒకటి ఎక్కువ ఎందుకంటే, దాన్ని పోగొట్టుకున్నవాడికి దుక్కి కూడా పోయింది అన్నాడు రబ్బీ మేయిర్. పట్టుబడితే కనీసం రెండింతలు, తనంతట తాను వచ్చి ఒప్పుకుంటే అయిదవ వంతే అదనం. ఒప్పుకునేవాడికి దారి వెడల్పు చేసి పెట్టిందీ చట్టం, అయినా ఉచితం మాత్రం చేయలేదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోయేది ఇందుకే. తనంతట తాను ఒప్పుకుంటున్నవాడు 20 శాతంతో బయటపడవచ్చు. లూకా 19:8లో అతను తనకు తాను దొంగకు వేసే లెక్క వేసుకున్నాడు, నాలుగింతలు.

ఈ వరసను ఆచరణలో పెట్టినప్పుడు ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పుకోవాలి. మొదటిది, వరస తిరగబడటం. దేవుడి దగ్గర మోకరించి ఏడ్చి లేచాక మనసు తేలికపడుతుంది, ఆ తేలికపాటుతోనే అప్పు గుర్తు పోతుంది. మత్తయి 5:23-24లో యేసు అర్పణను బలిపీఠం ముందే వదిలి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్ళమన్నది ఈ పాత వరసనే. మిష్నా కూడా ఇదే అంటుంది: మనిషికి మనిషికి మధ్య ఉన్న పాపాలను ప్రాయశ్చిత్త దినం కూడా తుడవదు, అవతలి మనిషిని సమాధానపరిచేదాకా. రెండోది, చిరునామా మార్చడం. పాలికాపుకు ఎగ్గొట్టిన కూలి మందిరానికి కానుకగా వేస్తే అది పాలికాపుకు చేరదు. మూడోది, డబ్బు పంపి నోరు మెదపకపోవడం. కారణం చెప్పకుండా ఫోన్‌లో వేసిన డబ్బు ఇనాములా కనబడుతుంది, అవతలివాడికి గౌరవం తిరిగి రాదు. నాలుగోది దీనికి తిరగేసినది, నోటితో ఒప్పుకుని డబ్బు మాట ఎత్తకపోవడం. ఇక అయిదవ వంతును దయగా చూపించుకోవడం ఉంది, ‘పోనీలే ఇంకో రెండు వేలు ఉంచుకో’ అంటూ. అది దయ కాదు. అవతలివాడు తన డబ్బు లేకుండా గడిపిన రోజుల ఖరీదు.

ఒంటికి తగిలిన దెబ్బ సంగతీ అంతే. నిర్గమకాండం 21:18-19లో కొట్లాటలో దెబ్బతిన్నవాడు లేచి కర్రపట్టుకుని తిరగగలిగితే, కొట్టినవాడు రెండు కట్టాలి: పనికి పోలేని రోజుల నష్టం, పూర్తిగా బాగయ్యేదాకా వైద్యం. మన స్కూటరు తగిలి కూలిమనిషి కాలు విరిగితే ఆస్పత్రి బిల్లు కట్టి పెద్దమనసు చాటుకుంటాం. మంచంలో ఉన్న నలభై రోజుల కూలి ఎవరూ అడగరు, ఆ మనిషి కూడా అడగలేడు. చట్టంలో అది మొదటి పద్దు.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. మనం ధర్మశాస్త్రం కింద లేము, కృప కింద ఉన్నాం కదా అని. రోమా 6:14లో పౌలు ఆ మాటే అంటాడు. కానీ అదే పౌలు కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదన్న ద్వితీయోపదేశకాండపు వచనాన్ని తీసుకుని పనిచేసేవాడి హక్కు గురించి వాదించాడు (1 కొరింథీ 9:9). రక్షణకు మెట్టుగా వాడుకోవడం వేరు, నేర్చుకోవడం వేరు.

అన్ని వచనాల్లోంచీ పాఠం తీయాలన్న పట్టుదల కూడా పనికిరాదు. పొడిచే ఎద్దు చట్టంలోనే చనిపోయింది దాసుడైతే ఆ దాసుడి యజమానికి 30 తులాల వెండి చాలు అని ఉంది. 21:20-21 ఇంకా కఠినం: దెబ్బలు తిన్న దాసుడు ఒకటి రెండు రోజులు బతికితే కొట్టినవాడికి శిక్ష లేదు, ఎందుకంటే ఆ దాసుడు అతని సొమ్ము. ఇక్కడ అందమైన అర్థం వెతకడం నాకు అబద్ధంలా తోస్తుంది. మన క్రైస్తవ సమాజానికి ఈ వచనం దూరదేశపు సంగతి కూడా కాదు. 1878లో కరువు వెన్నంటి ఒంగోలు ప్రాంతంలో వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలు. ఇతరుల పొలాల్లో తరతరాలుగా వెట్టి చేసినవాళ్ళ వారసులు ఆ వచనం చదివితే దాసుడి వైపు నుంచే చదువుతారు, చదవాలి కూడా. అదే పాఠకుడికి ఇప్పుడు డాబా ఇల్లుంటే, ఇంట్లో పనిమనిషి ఉంటే, పిట్టగోడ గురించిన ద్వితీయోపదేశకాండం 22:8 చదివేటప్పుడు మాత్రం యజమాని చోట నిలబడక తప్పదు. ఒకే మనిషి ఒకే వారంలో రెండు వైపులా ఉంటాడు. ఏ వచనం ఏ వైపు నిలబెడుతున్నదో నిజాయితీగా చూసుకోవడమే ఈ చదువులో కష్టమైన భాగం.

ఇంకో చిక్కు మిగిలింది, ఇది తరచూ వస్తుంది. డబ్బు ఇవ్వవలసిన మనిషి చనిపోతే? సంఖ్యాకాండం 5:8 దానికీ దారి చూపింది. సొమ్ము అతని దగ్గరి బంధువుకు చేరాలి. బంధువు కూడా లేకపోతేనే యాజకుడికి. కాబట్టి ముందు పాత చిరునామాకు వెళ్ళాలి, ఊళ్ళో అడగాలి, కొడుకు ఏ పట్నంలో ఉన్నాడో తెలుసుకోవాలి, కూతుళ్ళనూ మరిచిపోకూడదు. వాళ్ళకు ఆ బాకీ సంగతి తెలిసి ఉండదు. మీ నాన్నగారికి నేను ఇంత ఇవ్వాలి, ఇదిగో అసలు, ఇదిగో అయిదవ వంతు అని చెప్పి చేతిలో పెట్టాలి.